జనరల్ లెక్కలు, కంపోస్టు లెక్కలు

మా మిడిల్ స్కూల్లో ఏమేం నేర్పుతారో హెడ్‌మిస్ట్రెస్ గది బయట గోడ మీద నీలం పెయింటుతో రాయించారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం, డ్రాయింగు, డ్రిల్లు, నీతిపాఠాలు, చేతిపనులు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ గోడ ముందు నిలబడి, ఇన్ని విద్యలు ఒక్క బుర్రలో ఎలా పడతాయో అని కంగారు పడేవారు. అంత కంగారు అక్కర్లేదని వాళ్ళకు ఎవరూ చెప్పేవారు కాదు.

డ్రాయింగు మాస్టారు బోర్డు మీద ఒక కుండ గీసి, వేస్తూ ఉండండర్రా అని చెప్పి, టీ తాగడానికి తార్నాక చౌరస్తాకు వెళ్ళేవారు. ఆరో తరగతిలో మేం కుండ నేర్చుకున్నాం. ఏడో తరగతి పై చదువు కాబట్టి కుండకు మూత పెట్టించారు. డ్రిల్లు పీరియడ్లో మగపిల్లలు పరిగెత్తేవారు, ఆడపిల్లలు వాళ్ళ చొక్కాలకు కాపలా కూర్చునేవారు. నీతిపాఠాల పీరియడ్లో మాలో ఒకరు లేచి అబద్ధం ఆడరాదనే కథ గట్టిగా చదువుతుంటే టీచరు పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఇనస్పెక్టరు వచ్చే ముందు రోజు మాత్రం ఆవిడే ఆ పీరియడ్ నిజంగా తీసుకుని, జరగని పాఠాలు జరిగాయని ఎలా చెప్పాలో నేర్పేది.

చేతిపనుల్లో వడ్రంగం కూడా ఉందని గోడ మీద చెప్పుకున్నారు. రంపం, ఉలి పోతాయేమోనని వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అందుచేత మా బళ్ళో వడ్రంగం బీరువా అద్దంలోంచి నేర్చుకోవాల్సిన విద్య. ఆడపిల్లలకు కుట్టుపని. నేను రెండేళ్ళు కష్టపడి ఒక తెల్ల రుమాలు నాలుగు అంచులా గొలుసుకుట్టు కుట్టాను. ఎగ్జిబిషన్లో పెడతామని తీసుకున్నారు. ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు.

క్యాంపస్ క్వార్టర్లలో ఉండే లెక్చరర్ల పిల్లలు ముందు బెంచీల్లో కూర్చునేవారు. తార్నాక గల్లీల నుంచి, సీతాఫల్‌మండి నుంచి, మల్కాజ్‌గిరి నుంచి వచ్చే మేము వెనక బెంచీల్లో. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. లేచి ముందుకు రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. మా నాన్న, మేం బాపు అని పిలిచేవాళ్ళం, యూనివర్సిటీ తోటల విభాగంలో మాలి. క్యాంపస్ రోడ్ల పక్క చెట్లు, ఆర్ట్స్ కాలేజీ ముందు గడ్డి, ప్రొఫెసర్ల బంగళాల్లో గులాబీలు ఆయన చేతి కింద ఉండేవి. ఊళ్ళో రెండెకరాల చెలక అన్నదమ్ములకు వదిలేసి పట్నం వచ్చి ఖాకీ చొక్కా తొడుక్కున్న మనిషి. ఆ చొక్కా అంటే ఆయనకు ప్రాణం.

మా క్లాసు టీచరే మాకు తెలుగు, నీతిపాఠాలు చెప్పేది. ఆవిడది కృష్ణానది అవతలి జిల్లా. మా నోట్లోంచి వచ్చేది తెలుగే అని ఆవిడ ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. ‘మా ఇల్లు’ అని వ్యాసం రాయమంటే నేను ‘మా ఇల్లు తార్నాకలో ఉన్నది’ అని మొదలుపెట్టాను. ఆవిడ దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, “ఉన్నదట. ఉంది అనమ్మా, ఉంది. ఆ న్నది ఎక్కడన్నా పారేసి రా,” అంది. ముందు బెంచీలు నవ్వాయి. మా తెలుగు వాచకంలో మూడో పాఠం మొదటి వాక్యంలోనే ‘ఉన్నది’ అని అచ్చయి ఉంది. నేను వాచకం తీసుకెళ్ళి చూపించాను. పుస్తకంలో ఉన్నది గ్రాంథికమట, నా నోట్లో ఉన్నది మోటుతనమట. ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా అవుతుందని అడిగినందుకు పీరియడ్ అయ్యేదాకా బెంచీ ఎక్కి నిలబడ్డాను.

ఆ బెంచీ మీద నిలబడ్డప్పుడే నాకు లెక్కల విలువ తెలిసింది. లెక్కకు యాస లేదు. పదమూడు ఏడ్లు తొంభై ఒకటి అని నేను చెప్పినా, లెక్చరరు గారి అమ్మాయి చెప్పినా అది తొంభై ఒకటే. దాన్ని తప్పు అనడానికి టీచరు ఏ నది అవతలి నుంచి వచ్చినా ప్రయోజనం లేదు. ఆ ఏడాది నేను పట్టుబట్టి లెక్కలు చేశాను. పరీక్షల్లో ముందు బెంచీల వాళ్ళకంటే ఎక్కువ మార్కులు వస్తే, పేపర్లు దిద్దడంలో పొరపాటు జరిగిందేమోనని మళ్ళీ కూడి చూశారు. కూడితే ఇంకో మార్కు కలిసింది.

ఇలా ఉండగా ఏడో తరగతి ముగిసేటప్పుడు లెక్కలు రెండుగా చీలిపోయాయి. ఎనిమిది నుంచి కాంపోజిట్ మాథమాటిక్స్ తీసుకోవచ్చు, లేదా జనరల్ మాథమాటిక్స్ తీసుకోవచ్చు. కాంపోజిట్‌లో అంకగణితంతో పాటు బీజగణితం, రేఖాగణితం నిండుగా ఉంటాయి. జనరల్‌లో వడ్డీలు, లాభనష్టాలు, గోడకు సున్నం వేయడానికి ఎంతవుతుంది వగైరా. జనరల్ తీసుకున్నవాళ్ళకు హైస్కూలు దాటాక లెక్కలు, సైన్సు తలుపులు మూసేస్తారు. ఇది పిల్లలందరికీ తెలుసు. పెద్దల్లో లెక్చరర్లకు తెలుసు. మిగిలిన పెద్దలకు చెప్పే బాధ్యత బడిది. బడి దాన్ని మా క్లాసు టీచరుకు అప్పగించింది.

కాంపోజిట్ సెక్షను గది చిన్నది. ముందు బెంచీల వాళ్ళంతా ఆ గదిలోకి వెళ్ళగా మిగిలే చోటు కొంచెమే. ఎవరికి ఏ లెక్కలు కావాలో తండ్రో తల్లో వచ్చి నోటితో చెప్పిపోవాలన్నారు. బాపుకు ముందు రోజే అంతా చెప్పి ఉంచాను. కాంపోజిట్ అనాలి, మరచిపోవద్దన్నాను. ఆయన సరేనని తలూపి, వాకిట్లో బంతిమొక్కలకు నీళ్ళు పోసుకున్నాడు.

మర్నాడు అరగంట పర్మిషన్ తీసుకుని ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. ఆయనకు ముందు యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒక రీడరు గారు వచ్చారు. టీచరు కుర్చీలోంచి లేచి, రండి, కూర్చోండి, మీరు చెప్పాలా, అమ్మాయికి కాంపోజిట్టే కదండీ అంది. బాపు వంతు వచ్చింది. ఆవిడ కూర్చునే ఉంది.

“ఏమయ్యా, మీ అమ్మాయికి ఏది? కాంపోజిటా, జనరలా?”

“ఏందమ్మా, కంపోస్టా?” అన్నాడు బాపు.

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. రోజూ గంటలకొద్దీ మాటలు చెప్పే మనిషి దగ్గర ఆ ఒక్కటి లేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనున్న హిందీ టీచరు వంక చూసి, “ఆఁ, అదే అనుకో,” అంది.

బాపు ముఖం చూశాను. క్యాంపస్ చివర కంపోస్టు గుంతలు తవ్వించేది, ఆకు అలము, పెంట పొరలు పొరలుగా పోసేది, తడిపి తిరగేసేది ఆయనే. ఆ వాసన పోవాలని సాయంత్రం సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవాడు. “గా పని నేను చేస్తున్న గదమ్మా. దానికి మల్ల బడెందుకు?” అన్నాడు. “జనరల్ ఇయ్యుండ్రి. జనరల్ అంటే ఫౌజుకు పెద్దసాబు. నాకెర్కే.”

“బాపూ, అది కంపోస్టు కాదు,” అని నేను అడ్డం వచ్చాను.

“పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని నీతిపాఠాల్లో చెప్పలేదూ?” అంది టీచరు. నీతిపాఠాల్లో ఆ ఒక్క పాఠం మాత్రం ఆవిడ చాలా శ్రద్ధగా చెప్పింది.

బాపు నలుగురి ముందు జనరల్ అన్నాడు. హిందీ టీచరు విన్నది, ప్యూను విన్నాడు, గుమ్మం దగ్గర వరసలో ఉన్న మరో తండ్రి విన్నాడు. ఆ తండ్రి బాపు వంక మెచ్చుకోలుగా చూసి, తన కొడుక్కి కూడా జనరలే కావాలన్నాడు.

ఇంటికి వచ్చాక కూర్చోబెట్టి చెప్పాను. కాంపోజిట్ అంటే కంపోస్టు కాదని, అందులో పెద్ద లెక్కలుంటాయని, బీజగణితం ఉంటుందని. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది.

“బీజం అంటే ఇత్తనమే గదా,” అన్నాడు.

అవును గానీ ఇది ఆ విత్తనం కాదన్నాను. ఇంకేముంటుందని అడిగాడు. వర్గమూలాలు, ఘనమూలాలు అన్నాను. మూలమంటే వేరు అని ఆయనకు నాటుమందుల వల్ల తెలుసు. బాపు మా అమ్మ వైపు తిరిగి, “ఇనవడ్తున్నదా? ఎరువున్నది, ఇత్తనమున్నది, ఏరున్నది. ఇగ నీళ్ళు వట్టుడొక్కటే తక్కువ. మాలి పని గాకపోతే మరేందే గది?” అన్నాడు.

తెలుగులో లెక్కల మాటలు తయారుచేసిన పండితులు ఎవరో నాకు తెలియదు. వాళ్ళలో ఒక్కరి ఇంట్లోనైనా తోటమాలి ఉండి ఉంటే కొంచెం జాగ్రత్త పడేవారు.

మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. చదువుకోలేదు గానీ ఫౌజు పెద్దసాబు మాట ఆమెకు ఎక్కడో నచ్చలేదు. “జనరల్ అంటే అంత గొప్పనా? మన సడకు మీద సబ్బులు, సూదులు అమ్మే దుకాణం పేరు గూడ జనరల్ స్టోర్సే,” అన్నది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. “అండ్ల అన్నీ దొరుకుతయి. గందుకే గా పేరు,” అన్నాడు బాపు. అమ్మ ఆలోచించి, గది కూడ నిజమేనన్నది. ఆ ఇంట్లో నాకు ఉన్న ఒకే ఒక్క వకీలు అలా అవతలి పక్షంలో చేరిపోయింది.

ఇక నాకు తోచిన ఉపాయం ప్రొఫెసరు గారు. లెక్కల ప్రొఫెసరు. ఆయన బంగళాలో గులాబీలు చూడ్డానికి బాపు ఆదివారాలు వెళ్ళేవాడు. ప్రొఫెసరు చెబితే బాపు కాదనడు. మాట మళ్ళీ కంపోస్టు కాకుండా దారంతా బాపు చేత కాంపోజిట్, కాంపోజిట్ అనిపిస్తూ వెంట వెళ్ళాను. ఆయన ఒక చేత్తో కత్తెర పట్టుకుని, మంత్రం వప్పజెప్పినట్టు అనుకుంటూ నడిచాడు. ప్రొఫెసరు గారు వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నారు. బాపు నమస్తే పెట్టి, లెక్కల్లో జనరల్ గొప్పదా, కాంపోజిట్ గొప్పదా అని తప్పులేకుండా అడిగాడు.

ప్రొఫెసరు గారి ముఖం వెలిగిపోయింది. ఆయన్ని అలాంటి ప్రశ్న తోటలో ఎవరూ అడిగి ఉండరు.

“జనరలే. ఎప్పుడూ జనరలే,” అన్నారు. “ఒక్క జనరల్ సూత్రం చేతికి చిక్కిందనుకో, దాని కింద వెయ్యి చిన్న సంగతులు వాటంతట అవే తేలిపోతాయి. మనిషి బుద్ధి అంతా దానికోసమే వెతుకుతుంది. కాంపోజిట్ ఏముంది? విరిగిపోయే సంఖ్య. పన్నెండు తీసుకో, మూడు నాలుగులుగా ముక్కలవుతుంది.”

నేను, సార్, అది స్కూల్లో, అని మొదలుపెట్టేసరికి ఆయన తన జనరల్ సూత్రం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఆయన ఇద్దరు పిల్లలూ మా బళ్ళో కాంపోజిట్టే తీసుకున్నారు. దారిలో బాపు నన్ను ఓదార్చాడు. ఇరిగిపోయేదెందుకు బిడ్డా మనకు, అన్నాడు.

ఒంటరిగా హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళాను. నాకు లెక్కల్లో క్లాసులో మొదటి మార్కు వచ్చిందని, మా నాన్నకు మాట సరిగా వినబడలేదని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, మీ నాన్నను తీసుకొచ్చి మార్పించుకో అంది. బాపును అడిగితే, “నలుగుట్ల జబాన్ ఇచ్చిన. మల్ల పోయి కాదంటే ఇజ్జత్ ఏముంటది?” అన్నాడు. ఆవిడేమో నాన్న రావాలంటుంది, నాన్నేమో రానంటాడు. ఈ మధ్య దారిలో నేను వేసవి సెలవులన్నీ నడిచాను.

ఎనిమిదో తరగతి తెరిచారు. కాంపోజిట్ వాళ్ళు వరండాలో హెడ్‌మిస్ట్రెస్ గది పక్క గది. జనరల్ వాళ్ళం సైకిళ్ళ షెడ్డు వెనక రేకుల గది. మాకు లెక్కలు చెప్పడానికి డ్రాయింగు మాస్టారిని వేశారు. ఆయన మొదటి రోజు నూటికి నెలకు రూపాయి వడ్డీ లెక్క ఒకటి బోర్డు మీద వేసి, చేస్తూ ఉండండర్రా అని చెప్పి చౌరస్తాకు వెళ్ళారు. నేను ఆయన చౌరస్తా చేరేలోపు ఆ లెక్క చేశాను. తరవాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నా పక్కనున్న మల్కాజ్‌గిరి అమ్మాయి జడ అల్లుకోవడం మొదలుపెట్టింది. జనరల్ సిలబస్‌లో అది పక్కాగా పూర్తయిన ఒకే ఒక పాఠం.

జనరల్ లెక్కలు తక్కువ కాబట్టి మాకు పీరియడ్లు మిగిలేవి. వాటిని వృథా పోనివ్వకూడదని బడి పెద్దలు చాలా ఆలోచించి గోడ మీద కొత్త విద్య ఒకటి రాయించారు. ఉద్యానవన విద్య. జనరల్ సెక్షనుకు మాత్రమే. ఉద్యానవనమంటే హెడ్‌మిస్ట్రెస్ గది వెనక ఆవిడ వేయించిన చిక్కుడు పందిరి, దాని పక్క వంగ మడి, టమాటా మడి. విద్య అంటే మేము బావి నుంచి నీళ్ళు మోయడం, కలుపు తీయడం, బళ్ళో పాలు పోసే మనిషి కొట్టంలోంచి పెంట తట్టల్లో తెచ్చి మొదళ్ళలో వేయడం. కాయలు కోసే విద్య మాత్రం మాకు నేర్పలేదు. అది ఆవిడ ఇంట్లో పనిమనిషి వచ్చి చేసుకుపోయేది.

బాపుకు చెప్పాను. ఉద్యానవన విద్య అన్న పేరు వినగానే, ఎంత మంచి పేరని ఆయన రెండుసార్లు అనుకున్నాడు. తట్టలతో పెంట మోయిస్తున్నారని చెబితే నమ్మలేదు. బడిల గట్లెందుకు చేపిస్తరు, కంపోస్టుల చేరేటందుకు కతలు వడ్తున్నవు, అన్నాడు. నీతిపాఠాల్లో నేనెప్పుడూ కథలు చదివినదాన్నే తప్ప కట్టినదాన్ని కాదు. ఆ మాట మూడు రోజులు ఆయనతో మాట్లాడకుండా ఉండి గుర్తు చేశాను. ఆయన గమనించలేదు.

కాంపోజిట్ వాళ్ళు బడిలో దారిన పోతూ ముక్కు మూసుకునేవారు. నేను వాళ్ళ కిటికీ కింద వంగమొక్కలకు నీళ్ళు పోసే పని అడిగి మరీ తీసుకున్నాను. లోపల లెక్కల సారు x అంటుంటే వినబడేది, దాన్ని ఏం చేస్తున్నారో కనబడేది కాదు. రోజురోజుకు నేను వెనకబడుతున్నానని ఆ కిటికీ కింద తెలిసేది. అర్ధసంవత్సరం పరీక్షలు దాటితే ఇక సెక్షను మార్చరు. వానలు వెనకబట్టాయి. పరీక్షలు దగ్గర పడ్డాయి.

అప్పుడే హెడ్‌మిస్ట్రెస్‌కు తన వంగ మడి మీద ఇంకా ప్రేమ పెరిగింది. యూనివర్సిటీ తోటల సూపరింటెండెంటును అడిగి ఒక బండెడు మంచి కంపోస్టు బడికి పంపించుకుంది. బండి తోలుకొచ్చే పని ఎవరికి పడాలో వాళ్ళకే పడింది.

పొద్దున రెండో పీరియడ్‌లో ఎడ్లబండి వెనక గేటులోంచి వచ్చింది. మేము లంగాలు ఎగదోపుకుని తట్టలతో వరసగా నిలబడి ఉన్నాం. బాపు బండి దిగి, వెనక పలక తీయబోతూ, పిల్లల్ని చూశాడు. వరసలో మూడోదాన్ని నేను. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద ఖాళీ తట్ట. ఆయన నన్ను చూశాడు. చేతులు పలక మీదే ఉంచి, గొడుగు వేసుకుని మడి పక్కన నిలబడ్డ హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగాడు.

“అమ్మా, గీ పోరలు ఏ లెక్కలోల్లు?”

“జనరల్ వాళ్ళయ్యా. కానీ, దించు, ఎండెక్కుతోంది.”

“మరి కంపోస్టోల్లు?”

“కాంపోజిట్ వాళ్ళా? వాళ్ళెందుకు ఇక్కడ? క్లాసులో లెక్కలు చేసుకుంటున్నారు.”

కిటికీలోంచి లెక్కల సారు గొంతు వస్తోంది. ముందు బెంచీల తలలు వంచి రాసుకుంటున్నాయి. వాటిలో ఒక్క తల మీద కూడా తట్ట లేదు. బాపు కాసేపు ఆ కిటికీ వైపు, కాసేపు మా వరస వైపు చూశాడు. తీసిన పలకను మళ్ళీ బిగించాడు.

“నా బిడ్డ గా రూముల కూసున్నంక బండి ఖాళీ చేస్త,” అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ కోపం తెచ్చుకుంది. బండి యూనివర్సిటీదని, సూపరింటెండెంటుకు చెబుతానని అంది. చెప్పుండ్రి, మోసేటోల్లు పోరలని గూడ చెప్పుండ్రి, అన్నాడు బాపు. గోల విని మా పాత క్లాసు టీచరు వరండాలోకి వచ్చింది. విషయం అర్థం కాగానే, “ఏమయ్యా, నలుగురి ముందు నువ్వే కదా జనరల్ అన్నావు?” అంది.

“అన్న. కంపోస్టా అని గూడ అడిగిన. మీరు అదే అనుకో అన్నరు,” అన్నాడు బాపు. “అనుకున్నమ్మా. ఇగ అనుకుంట లేను.”

ఆవిడ ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

హెడ్‌మిస్ట్రెస్ నియమాలు చెప్పడం మొదలుపెట్టింది. సెక్షను మార్చాలంటే ఏడాది మొదట్లోనే అడగాలట, గదిలో చోటు కూడా లేదట. నియమాలు చాలానే ఉన్నట్టున్నాయి. ఎద్దులు మాత్రం ఆ నియమాలు వినలేదు. దాపటిది మెడ సాచి చిక్కుడు పందిరి అంచు అందుకుంది. కాయలతో ఉన్న తీగ ఒకటి జరజరా ఊడి వచ్చింది. ఆవిడ పట్టుకోవయ్యా అంది. పగ్గం బాపు చేతిలోనే ఉంది. ఆయన దాన్ని లాగలేదు, వదలనూ లేదు. పాపం పొద్దటి నుంచి మేత లేదమ్మా, అన్నాడు. ఎద్దు రెండో తీగ దగ్గరికి వచ్చేసరికి నియమాలు అయిపోయాయి. “సరే, సరే, వెళ్ళమను. వెళ్ళి కూర్చోమను. ముందు ఆ ఎద్దును పట్టుకో,” అంది.

చేతులు కడుక్కుని కాంపోజిట్ గదిలోకి వెళ్ళాను. చోటు లేదన్న గదిలో ఆఖరి బెంచీ సగం ఖాళీగా ఉంది. లెక్కల సారు నన్ను ఎగాదిగా చూసి, బోర్డు దగ్గరికి పిలిచి ఒక సమీకరణం ఇచ్చారు. కిటికీ కింద విన్నంత వరకు చేశాను. సమాధానం వరకు కిటికీ నాకు ఎన్నడూ చెప్పలేదు. గది అంతా నవ్వింది. నవ్విన వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి, ఇక్కడ రాయను.

ఆ సాయంత్రం బాపు ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంటూ, ఇంత జరుగుతుంటే నాకు ముందే ఎందుకు చెప్పలేదే అని నన్నే కోప్పడ్డాడు. నేను చెప్పినవన్నీ మార్చి నెల నుంచి వరసగా మళ్ళీ చెప్పాను. బంతిమొక్కల రోజు, విత్తనాల రోజు, ప్రొఫెసరు రోజు. అమ్మ అన్నం పెట్టి, ఇగ చాలు తియ్యి, ఒప్పుకున్నడు గద, అన్నది. ఆయన ఒప్పుకున్నట్టు నాకేమీ వినబడలేదు. కానీ ఆ రాత్రి నుంచి కిరసనాయిలు దీపం నా వైపు జరిపి పెట్టేవాడు.

అర్ధసంవత్సరం పరీక్షలో బొటాబొటిగా గట్టెక్కాను. మార్కులు చదువుతూ మా పాత క్లాసు టీచరు నా పేరు చెప్పలేదు, జనరల్ నుంచి వచ్చిన అమ్మాయి అంది. అదే పేరు నిలిచిపోయింది. ఏడాది చివర నాకు ముందు బెంచీల్లో సగం మందికంటే ఎక్కువ వచ్చాయి. అప్పుడూ అదే పేరు. తరవాత ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి బడులు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ కొన్ని నెలలు తార్నాకలో జనరల్ వాళ్ళు, కాంపోజిట్ వాళ్ళు అనే తేడా లేకుండా పిల్లలందరూ సమానంగా ఇంట్లో కూర్చున్నారు. బళ్ళు తెరవగానే నేను మళ్ళీ జనరల్ నుంచి వచ్చిన అమ్మాయిని అయ్యాను. హైస్కూలు కాంపోజిట్‌తోనే పాసయ్యాను. క్యాంపస్‌లో సైన్సు చదివాను, లెక్కలే పాఠం చెప్పే ఉద్యోగంలో చేరాను. వీటిలో ఏదీ జనరల్‌తో దొరికేది కాదు.

చాలా ఏళ్ళకు తార్నాక బస్టాపులో మా పాత క్లాసు టీచరు కనిపించింది. జుట్టు నెరిసింది, చేతిలో కూరల సంచి. నమస్తే టీచర్ అన్నాను. కళ్ళు చిట్లించి చూసి గుర్తుపట్టింది.

“నువ్వు తోటమాలి గారి అమ్మాయివి కదూ? జనరల్ మాథ్స్ సెక్షను.”

గారు అన్న మాట నేను గమనించకపోలేదు. కానీ వాక్యంలో రెండో సగం అలాగే ఉంది. కాదు టీచర్, కాంపోజిట్, అన్నాను. ఆవిడ నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఏదైతేనేం లేమ్మా, పైకొచ్చావు.”

“ఏదైతేనేం అంటే ఎట్ల టీచర్,” అన్నాను. మార్చి నెల నుంచి మొదలుపెట్టాను. ఎవరు ముందు వచ్చారు, ఎవరికి కుర్చీ ఇచ్చారు, బాపు ఏమడిగాడు, ఆవిడ ఏమంది. ఆవిడ తలూపుతూ బస్సు వచ్చే వైపు చూస్తోంది. నేను వెళ్ళాల్సింది మల్కాజ్‌గిరి. నల్లకుంట వైపు పోయే బస్సు వచ్చి ఆగింది, ఆవిడ వెళ్ళొస్తానమ్మా అని గబగబా ఎక్కింది. చెప్పాల్సింది ఇంకా సగం కూడా కాలేదు. నేనూ ఎక్కాను. పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆవిడ నల్లకుంటలో దిగింది. నేనూ దిగాను.